విమానం విడిచిన సుడులు: సంక్షోభమూ మన్నికా

విమానం గాలిలో నిలవాలంటే గాలిని కిందికి తొయ్యాలి. రెక్క కింద పీడనం ఎక్కువ, పైన తక్కువ కావడంతో కొసల దగ్గర గాలి కిందినుంచి పైకి పొర్లుతుంది. రెక్క వెనుక అంచునుంచి జారిన గాలి పొర చాపలా చుట్టుకుని, ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు సుడులవుతుంది. సుడి బలాన్ని సర్క్యులేషన్ అనే రాశితో కొలుస్తారు. విమానం బరువు పెరిగితే అది పెరుగుతుంది. వేగం, రెక్కల వెడల్పు, గాలి సాంద్రత పెరిగితే తగ్గుతుంది. కాబట్టి బరువైన విమానం నెమ్మదిగా దిగేటప్పుడు విడిచే సుడి చాలా బలమైనది. దిగబోతున్న బోయింగ్ 747కు ఈ విలువ సెకనుకు సుమారు 600 చదరపు మీటర్లు. రెండు సుడుల నడుమ ఎడం దాదాపు 50 మీటర్లు. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఆ జంట సెకనుకు రమారమి 2 మీటర్ల చొప్పున కిందికి దిగుతుంది.

1972 మే 30న టెక్సాస్‌లోని గ్రేటర్ సౌత్‌వెస్ట్ విమానాశ్రయంలో ఒక డీసీ-10 వెనుక, శిక్షణలో ఉన్న డీసీ-9 దిగబోతూ పక్కకు ఒరిగి కూలింది. అందులోని నలుగురూ మరణించారు. ముందు విమానం వెళ్లిపోయాక కూడా దాని సుడి అంత బలంగా ఎందుకు మిగిలి ఉంటుందన్నదే ఈ శాస్త్రంలోని అసలు ప్రశ్న.

ప్రశ్న చూడటానికి తేలిక. 747 సుడి బలాన్ని గాలి స్నిగ్ధతతో భాగిస్తే దాదాపు 4 కోట్లు వస్తుంది. అంత పెద్ద రేనాల్డ్స్ సంఖ్య ఉన్న ప్రవాహంలో సంక్షోభం, అంటే టర్బులెన్స్, చెలరేగి అంతటినీ కలిపేసి సుడిని త్వరగా చెదరగొట్టాలి. 1950లలో స్క్వైర్ అనే శాస్త్రవేత్త కట్టిన లెక్కకు ఆధారం ఇదే: సంక్షోభం వల్ల కలిగే స్నిగ్ధత సుడి బలానికి అనులోమంగా ఉంటుందని ఆయన తీసుకున్నాడు. ప్రయోగశాలల్లో గాలి వేగాన్ని కొలిచే హాట్ వైర్ మీటర్లు సుడి నడుమ పెద్ద పెద్ద ఒడుదొడుకులనే చూపడంతో ఈ ఊహ నిజమనే అనిపించింది. అయితే మీటరు చూపినది నిజంగా సంక్షోభమేనా?

1974లో బేకర్, బార్కర్, బోఫా, సాఫ్‌మన్ నీటిలో సుడులను లేజర్‌తో కొలిచారు. సుడి ఉన్నచోట ఉండదు, అటూ ఇటూ తచ్చాడుతుంది. నడిమి భాగంలో వేగం చాలా కొద్ది దూరంలోనే నిటారుగా మారుతుంది కనుక, సుడి కొన్ని మిల్లీమీటర్లు జరిగినా కదలకుండా ఉన్న మీటరులో వేగం ఎగిరిపడుతుంది. తల ఊపుతూ తిరిగే బొంగరాన్ని తలుపు సందులోంచి చూసి, అది ముక్కలవుతోందని అనుకోవడం లాంటిదే ఇది. వర్జీనియా టెక్‌లో డెవెన్‌పోర్ట్ బృందం 1996లో ప్రచురించిన కొలతల్లో ఈ తచ్చాటను లెక్కగట్టి తీసివేశారు. నడిమి భాగంలో ఒడుదొడుకులు దాదాపు మాయమయ్యాయి. సంక్షోభమంతా దాని చుట్టూ మెలితిరిగిన రెక్క వెనుగాలిలోనే ఉంది. నడుమ ప్రవాహం పొరలు పొరలుగా నెమ్మదిగా సాగుతోంది. ఏళ్ల తరబడి సుడి గుణమని రాసుకున్నదానిలో మంచి భాగం కొలిచే పద్ధతి వల్ల వచ్చినదేనన్న మాట.

రెక్కకు మరీ దగ్గరగా మాత్రం కథ వేరు. నాసా ఎయిమ్స్ కేంద్రంలో చౌ, జిలియాక్, బ్రాడ్‌షా కొలిచినప్పుడు, చుట్టుకుంటున్న సుడిలో సంక్షోభం గట్టిగానే ఉంది. నడిమి గాలి ఎదురు ప్రవాహం కంటే 1.77 రెట్ల వేగంతో దూసుకుపోయింది. కానీ రెక్క నుంచి వెనక్కి దూరం పోయేకొద్దీ ఆ సంక్షోభం త్వరత్వరగా అణగిపోయింది.

కారణం 1916లో ర్యాలీ చెప్పిన సూత్రంలో ఉంది. తిరిగే ద్రవంలో కోణీయ ద్రవ్యవేగం బయటికి వెళ్లేకొద్దీ పెరుగుతుంటే, స్థానం తప్పిన ప్రతి బిందువునూ ప్రవాహమే వెనక్కి లాగుతుంది. సుడి నడిమి భాగం ఇంచుమించు గట్టి చక్రంలా తిరుగుతుంది కాబట్టి అక్కడ సంక్షోభానికి నిలవ నీడ లేదు. 1995లో జీమన్ చేసిన నమూనా లెక్కలు కూడా, నడుమ సంక్షోభం అణగిపోయి సుడి గాలి స్నిగ్ధత వల్ల మాత్రమే మెల్లగా పెరుగుతుందని తేల్చాయి.

మరి సుడి ఎలా చస్తుంది? ఎక్కువగా తన జంట వల్ల. 1970లో క్రో చూపిన అస్థిరతలో రెండు సుడులూ ఒకదాన్నొకటి లాగి అలల్లా వంగుతాయి. అల పొడవు వాటి ఎడానికి సుమారు 8.6 రెట్లు, అంటే 747కు 430 మీటర్ల చిల్లర. వంపులు తాకినచోట తెగి, అతుక్కుని ఉంగరాలవుతాయి; జెట్ విమానం తెల్లటి చారలో దీన్ని కంటితోనే చూడవచ్చు. ఈ వంపులకు మొదటి తోపు వాతావరణంలోని సంక్షోభం నుంచి వస్తుంది. అందుకే నిశ్చలమైన గాలిలో సుడి ఎక్కువసేపు బతుకుతుంది. పైలట్‌కు హాయిగా అనిపించే గాలే ఈ విషయంలో చెడ్డది.

నిజమైన విమానాల వెనుక కొలవడానికి ఇడాహో ఫాల్స్‌లో ఎత్తైన స్తంభాలకు మీటర్లు కట్టారు, తరువాత లేజర్ కాంతితో దూరం నుంచే గాలి వేగాన్ని కొలిచే లైడార్లు వచ్చాయి. 1994-95లో మెంఫిస్‌లో కొలిచిన అనుభవంతో, 2000లో డల్లాస్‌లో నాసా ఒక ముందస్తు అంచనా వ్యవస్థను పరీక్షించింది. ప్రయోగశాల గాలి సొరంగంలోని హాట్ వైర్ సుడి నడుమను చూస్తుంది. పల్స్ లైడార్ ఆ సన్నటి నడుమను పట్టలేదు, సాధారణంగా 5 నుంచి 15 మీటర్ల వ్యాసార్ధాల మధ్య సగటును ఇస్తుంది. రెండింటినీ ఒకే “క్షయం” అని పిలవడంతో పరిశోధకుల మధ్య చాలా వాదనలు ఊరికే పెరిగాయి. లైడార్ కొలతలనూ కంప్యూటర్ లెక్కలనూ కలిపి చూస్తే క్షయం రెండు దశల్లో సాగుతుంది: మొదట చాలా మెల్లగా, తరువాత ఒక్కసారిగా.

పై ఎత్తులలోనూ ఈ ప్రమాదం ఉంది. 2017 జనవరి 7న అరేబియా సముద్రం మీద ఒక ఎయిర్‌బస్ ఎ380 కింద, సుమారు 1,000 అడుగుల తేడాతో, చాలెంజర్ 604 దాటింది. నిమిషం గడవక ముందే ఆ చిన్న విమానం సుడిలో చిక్కి, పలుమార్లు దొర్లి, వేల అడుగులు జారింది. అదుపులోకి వచ్చి మస్కట్‌లో దిగింది.

నేల దగ్గర సుడులు ఎడంలో సగం ఎత్తుకు వచ్చి ఆగి, పక్కలకు విడిపోతాయి. నేల మీది గాలి పొర వాటి చుట్టూ ఎదురు సుడులుగా లేచి వాటిని తిరిగి పైకి ఎత్తుతుంది. స్వల్పమైన అడ్డగాలి ఉంటే, గాలి వచ్చే వైపు సుడి రన్‌వే మీదే నిలిచిపోతుంది. 2019లో వియన్నా విమానాశ్రయంలో జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్ఆర్ రన్‌వే ముందు నిటారు పలకల వరుసలు నిలిపి పరీక్షించింది. పలకల మీది గాలి పొరలో పుట్టిన చిన్న సుడులు పెద్ద సుడిని చుట్టుకుని, దాని పొడవునా పాకి, దాన్ని త్వరగా బలహీనపరిచాయి. సుడి నడుమను ఆ పలకలు ముట్టుకోవు.