జీర్ణోద్ధారణ ధర్మము





ఈనాటి ప్రసంగమునకు ధర్మకర్తలు మాకు నిర్ణయించిన విషయము జీర్ణోద్ధారణము. జీర్ణమనగా అరిగినది, శిథిలమైనది. ఉద్ధారణమనగా పైకి ఎత్తి నిలుపుట. పడిపోవుచున్న వృద్ధుని చేయి పట్టి లేపి కూర్చుండబెట్టుట ఎటువంటిదో, ఇదియు అటువంటిదే. పాతదానిని పడగొట్టి దాని చోట క్రొత్తదానిని కట్టుట అను అర్థము ఈ మాటలో ఎక్కడను లేదు. ఇంత స్పష్టమైన మాటను విడమరచి చెప్పవలసిన అవసరమేమని మీరు అడుగవచ్చును. నేడు అనేక గ్రామములలో జీర్ణోద్ధారణ పేరిట జరుగుచున్నది ఉద్ధారణ కాదు గనుక చెప్పవలసివచ్చినది.

దేవాలయమునకు నీరు శత్రువని కొందరి అభిప్రాయము. మన పెద్దలు అట్లు తలపలేదు. నల్లగొండ ప్రక్కన పానగల్లును చూడండి. కందూరు చోళులకు రాజధాని అయిన ఆ ఊరిలో ఒకవైపు ఉదయసముద్రమను పెద్ద చెరువు, ఆ చేరువనే ఛాయా సోమేశ్వరాలయము, పచ్చల సోమేశ్వరాలయము ఉన్నవి. చెరువు కట్టినవారును, గుడి కట్టినవారును ఒక్క వంశమువారే. గుడి ఉన్నచోట కోనేరు, చెరువు ఉన్నచోట గుడి, ఇది ఈ మెట్ట సీమ సంప్రదాయము. అభిషేకము లేని శివుడు లేడు. నీరు లేని అభిషేకము లేదు. నీటికి దారి చూపినంతకాలము అది తీర్థము. దారి మూసిననాడు అదే రాతిని తొలుచును. ఈ ఒక్క మాటను మనసులో ఉంచుకొని తక్కినది వినండి.

నీరు ఆలయమును మూడు వైపుల నుండి సమీపించును. పైనుండి వాన, క్రిందినుండి చెమ్మ, ప్రక్కనుండి వరద. ఈ మూడింటిలో పెద్దదైన వరదను గురించి ముందుగా చెప్పెదము.

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో, నేటి జోగుళాంబ గద్వాల జిల్లాలో, తుంగభద్రా తీరమున అలంపురమున్నది. శ్రీశైలమునకు పశ్చిమ ద్వారమని దానికి ప్రసిద్ధి. అచ్చట బాదామి చాళుక్యుల కాలమున, అనగా ఏడవ, ఎనిమిదవ శతాబ్దములలో వెలసిన నవబ్రహ్మాలయములున్నవి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని వాటి పేర్లు. పేరు బ్రహ్మలదైనను తొమ్మిదింటను కొలువై యున్నది పరమశివుడే. అలంపురమునకు కొంత దూరమున, కృష్ణా తుంగభద్రలు కలియు కూడవెల్లిలో, ఎత్తైన పీఠముపై సంగమేశ్వరాలయముండెడిది. అదియు చాళుక్యుల నాటిదే. పాపనాశమున ఇరువదికి పైగా చిన్న ఆలయములు, మెట్లు మెట్లుగా పైకి తగ్గుచు పోవు కప్పులతో ఒక గుంపుగా ఉండెడివి.

శ్రీశైలము వద్ద కృష్ణకు అడ్డముగా ఆనకట్ట కట్టవలెనని నిర్ణయమైనది. 1963లో పండిట్ జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసినారు. 1980 ప్రాంతమునకు నిర్మాణము పూర్తి కావచ్చినది. జలాశయపు నిండు మట్టము 885 అడుగులు. ఆ మట్టమునకు నీరు నిలిచినచో వెనుకకు ఎంతదూరము ప్రాకునో లెక్క కట్టినప్పుడు, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో నూరు గ్రామములకు పైగా మునుగునని, వాటితోపాటు ఎన్నియో ప్రాచీనాలయములు మునుగునని తేలినది.

అప్పుడు రాష్ట్ర పురావస్తు శాఖవారు ఒక గొప్ప కార్యమునకు పూనుకొన్నారు. డాక్టరు వి.వి. కృష్ణశాస్త్రిగారు ఆ కార్యమునకు ముఖ్యులలో ఒకరు. ఆలయములను విప్పి, మిట్టకు తెచ్చి, తిరిగి కట్టుట ఆ కార్యము. చెప్పుటకు తేలిక. మొదట ప్రతి గోడకును చిత్రములు గీయవలెను, ఛాయాచిత్రములు తీయవలెను. ప్రతి రాతికిని వరుస, స్థానము తెలియునట్లు సంఖ్య వేయవలెను. కట్టునప్పుడు చివర పెట్టినదానిని విప్పునప్పుడు మొదట తీయవలెను గనుక, శిఖరము నుండి క్రిందికి రావలెను. క్రొత్తచోట గట్టి పునాది వేసి, అడుగు వరుస నుండి అదే రాయిని అదే చోట కూర్చవలెను. ఒక్క రాయి తారుమారైనచో పై వరుస కుదరదు. వేదపాఠమున క్రమమును, జటను, ఘనమును వల్లించినవారికి ఈ శ్రద్ధ ఎటువంటిదో తెలియును. ఒక్క అక్షరము జారినను పాఠము నిలువదు గదా!

ఈ విధముగా కూడవెల్లి సంగమేశ్వరుడు అలంపురమునకు తరలివచ్చినాడు. పాపనాశపు ఆలయములు మిట్టకు వచ్చినవి. మంచాలకట్ట మాధవస్వామి ఆలయము కొల్లాపురమునకు చేరినది. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయము, సోమశిల ఆలయములు నీటికి అందని చోటికి మారినవి. అలంపుర నవబ్రహ్మలను మాత్రము కదల్పక, ఊరికి నదికి నడుమ రక్షణ గోడ కట్టినారు. కర్నూలు వైపున సంగమేశ్వరమున రూపాల సంగమేశ్వరాలయమును జగన్నాథ గట్టునకు తరలించినారు. కాని అచ్చటి వేపదారు లింగమున్న ఆలయము తన చోటనే ఉన్నది. అది ఏటా నెలల తరబడి నీటిలో మునిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడు దర్శనమిచ్చును. భక్తులు ఆ దినముల కొరకు ఎదురుచూచి వెళ్ళి అర్చించి వత్తురు.

ఇచ్చట ఒక ధర్మసందేహము పుట్టును. ప్రతిష్ఠితమైన దేవుని కదల్పవచ్చునా? కదలక స్థిరముగా ఉన్న మూలమూర్తిని మన సౌకర్యము కొరకు కదల్పరాదని ఆగమ సంప్రదాయము. కాని అగ్నిపురాణమున జీర్ణోద్ధార ప్రకరణములో, నదీప్రవాహము వలన స్థానభ్రంశము కలిగిన లింగమును విధిపూర్వకముగా వేరొకచోట నెలకొల్పవలెనను విధానము కనిపించును. ఆలయమున పని జరుగునప్పుడు మూర్తి యందలి కళను కుంభమునకు ఆకర్షించి, బాలాలయమున ఉంచి అర్చించి, పని ముగిసిన పిమ్మట కుంభాభిషేకముతో తిరిగి మూర్తి యందు నిలుపుట మీరెరిగినదే. ఆపద వచ్చును, ఆపదలో దేవుని కాపాడుకొనవలసి యుండును అని మన ఋషులు ముందుగనే తలచినారు.

అలంపురముననే దీనికి నిదర్శనమున్నది. పదునాలుగవ శతాబ్దమున జోగుళాంబ ఆలయము ధ్వంసమైనప్పుడు అమ్మవారిని బాలబ్రహ్మేశ్వరుని ఆలయమున ఉంచి కొలిచినారని అచ్చటి సంప్రదాయము. 2005లో క్రొత్త ఆలయమున అమ్మవారు తిరిగి ప్రతిష్ఠితురాలైనది. ఆరు శతాబ్దముల బాలాలయమది! ఇన్ని తరములు ఎవరో ఒకరు దీపము వెలిగించినందుననే తిరిగి ప్రతిష్ఠించుటకు దేవత మిగిలినది.

మరి సంగమము లేనిచోట సంగమేశ్వరుడెట్లగునని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్నను మేము కొట్టివేయము. రెండు నదుల కలయికను చూచుచుండిన ఆలయము నేడు ఆ దృశ్యమునకు దూరమైనది. క్షేత్రమునకు తీర్థము తోడుండవలెను. ఆ తోడు పోయినది. ఎంతటి నేర్పరియైన స్థపతియు రాళ్ళను తేగలడు గాని నదిని తేలేడు. అయినను, సర్వము పోవుచుండగా సగమైనను నిలుపుకొనుట వివేకుల పద్ధతి. నేడు ఒక బాలుడు ఆ శిల్పము ముందు నిలిచి చేతులు జోడించుచున్నాడనిన, అది ఆనాడు రాతికి సంఖ్య వేసిన కూలివాని పుణ్యము.

మరొక మాట చెప్పక దాటుట ధర్మము కాదు. ఆ జలాశయము క్రింద సుమారు లక్ష మంది ఇండ్లు విడిచినారు. రాళ్ళకు సంఖ్యలు వేసి, చెదరకుండ తెచ్చి, అదే వరుసలో కూర్చగలిగితిమి. ఊరి వారిని ఆ వరుసలో కూర్చలేకపోతిమి. చాకలి, కుమ్మరి, రైతు, అర్చకుడు, భజన చేయువాడు, రథము లాగువాడు ఒక్కచోట ఉన్నప్పుడే అది గుడి. వారు నాలుగు దిక్కులకు చెదరినచో ఉత్సవమునకు మేళము ఎవరు పట్టవలెను? అందుచేత తరలివచ్చిన ఆలయములకు మునిగిన గ్రామముల సంతతివారు ఏడాదికి ఒకమారైనను రావలెను, తమ పిల్లలకు తమ ఊరి దేవుని చూపవలెను. అదియు జీర్ణోద్ధారణములో భాగమే. రాయి కూర్చుటతో సగము పని అయినది. మనుష్యులను కూర్చుట మిగిలియున్నది.

గోడ కట్టితిమి గనుక భయము లేదనుకొనుటయు తగదు. 2009 అక్టోబరు మొదటి వారమున కృష్ణా తుంగభద్రలు ఒకేసారి పొంగినవి. శ్రీశైలమునకు సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. ఆనకట్ట తట్టుకొనునట్లు రూపొందించినది 19 లక్షలకు మాత్రమే. జలాశయ మట్టము 885 అడుగులను మించి పైకి పోయినది. కర్నూలు నగరము మునిగినది. అలంపురమును, అచ్చటి ఆలయ ప్రాంగణములను నీరు ముంచెత్తినది. నీరు తగ్గిన పిమ్మట మిగులునది బురద. ఆ బురదను ఎత్తివేయుట, రాతిని మెల్లగా కడిగి ఆరనిచ్చుట, పునాది ప్రక్కన కోసుకొనిపోయిన మట్టిని నింపుట, ఇవి ఎవరి కంటను పడని సేవలు. శిలాఫలకముపై వీటికి పేరు చెక్కరు.

వరద ఎన్నడో ఒకనాడు వచ్చును. వాన ప్రతి ఏడును వచ్చును. ఎక్కువ ఆలయములు శిథిలమగునది వాన వలననే, మన ఉపేక్ష వలననే. కప్పు రాళ్ళ నడుమ సందులలోనికి నీరు దిగును. దానిని ఆపుటకు పెద్దలు కప్పుపై ఇటుక ముక్కలు, డంగు సున్నము కలిపి గచ్చు చేసి, వాలు పెట్టి, తూముల గుండా నీటిని దూరముగా పంపెడివారు. ఆ గచ్చు పగిలి, పక్షి వేసిన రావి విత్తు సందులో మొలచును. మొలచిననాడు రెండు వ్రేళ్ళతో లాగివేయవచ్చును. ఇరువది యేండ్ల పిమ్మట దాని వ్రేళ్ళు రాళ్ళను ఎత్తివేయును. రావి పూజ్యమైన వృక్షమే. కాని శిఖరము దాని స్థానము కాదు.

మేము పాఠశాలలో అధ్యయనము చేయు దినములలో, మృగశిర కార్తె రాకమునుపే గురువుగారు విద్యార్థులను ఆలయపు కప్పుమీదికి ఎక్కించి, తూములలోని ఆకులు, మట్టి తీయించెడివారు. అది అయిన పిమ్మటనే ఆనాటి పాఠము. అప్పుడది మాకు చాకిరిగా తోచెడిది. దానిలో ఎంత శాస్త్రమున్నదో ఇన్నాళ్ళకు తెలియుచున్నది.

క్రిందినుండి వచ్చు చెమ్మ సంగతి మరియు సూక్ష్మమైనది. రాయి నేలలోని తేమను పీల్చును. ఆ తేమతో ఉప్పులు లోనికి వచ్చును. తేమ ఆరునప్పుడు ఆ ఉప్పులు రాతిపొర క్రింద గడ్డకట్టి, పొరను పెచ్చులుగా ఊడదీయును. సున్నము తేమను బయటికి పోనిచ్చును. సిమెంటు అంతగా పోనివ్వదు. సందులలో సిమెంటు మెత్తి, గోడలకు ఎనామిల్ రంగు పూసి, ప్రాంగణమున గ్రానైటు పలకలు పరచినచో, బయటికి దారి లేక తేమ శిల్పము గుండా వచ్చును. ముక్కు, చేతివ్రేళ్ళు, ఆభరణములు ముందుగా రాలిపోవును. ఒక గ్రామమున, దాని పేరు చెప్పము, భక్తులు ఎంతో ప్రేమతో చందాలు పోగుచేసి ప్రాంగణమును రెండడుగులు ఎత్తు చేసి పలకలు పరచినారు. వాన పడినప్పుడు నీరంతయు గర్భాలయమునకే మళ్ళినది. వారి భక్తిలో లోపము లేదు. నీరు ఎటు పోవునని అడిగినవాడు లేడు.

ఓర్పుతో చేసిన పనికి మంచి ఉదాహరణ హనుమకొండ వేయిస్తంభముల గుడిలోనున్నది. అచ్చటి కళ్యాణ మండపపు పునాది దెబ్బతిని స్తంభములు ఒరిగినందున, 2006లో కేంద్ర పురావస్తు శాఖవారు విప్పినారు. 2024 మార్చి 8న, మహాశివరాత్రినాడు, అది తిరిగి భక్తులకు అందినది. పదునెనిమిది సంవత్సరములు! ఆలస్యమైనదని నొచ్చుకొన్నవారు పలువురు. అది సహజమే. కాని ఆ స్తంభములు కాకతీయుల నాటి స్తంభములే. త్వరపడి సిమెంటు స్తంభములు నిలిపియుండినచో మండపము మిగులును, కాకతీయులు మిగులరు.

కనుక మా మనవి ఇది. మీ ఊరి పాత గుడికి పూనుకొనునప్పుడు మొదట గోపురమునకు కాక కప్పునకు, తూములకు, కాలువకు ద్రవ్యము కేటాయించండి. రాయి కదల్పకముందు ఛాయాచిత్రములు తీయించి భద్రపరచండి. శాసనమున్న రాతిపై సున్నము గాని రంగు గాని పూయకండి. ఆగమము తెలిసిన అర్చకుని, శిల్పశాస్త్రము తెలిసిన స్థపతిని, పురావస్తు శాఖవారిని ముగ్గురిని అడుగండి. ఒక్కరి మాటపై గునపము ఎత్తకండి. ఏటా తొలకరికి ముందు ఒక ఆదివారము ఊరివారందరు కలిసి గుడి కప్పును శుభ్రము చేయండి. దానికి చందా అవసరము లేదు, శిలాఫలకము అవసరము లేదు.

క్రొత్త ఆలయము కట్టించుట కంటె శిథిలమైన దానిని నిలుపుట అనేక రెట్లు పుణ్యప్రదమని పెద్దలు చెప్పుదురు. దాని అంతరార్థము మాకు ఇట్లు తోచును. క్రొత్తదానికి మన పేరుండును. పాతదానిని నిలిపినచో అది కట్టినవాని పేరే నిలుచును, మన పేరు తెలియదు. పేరు విడిచి చేసిన సేవయే ఈశ్వరార్పణము. అటువంటి సేవకు మీ అందరికి పరమేశ్వరుడు బుద్ధిని, శక్తిని, ఓర్పును ప్రసాదించుగాక.

స్వస్తి. శుభం భూయాత్.