వంతు వచ్చినప్పుడు పిలుపు



చలి ముదురునప్పటికి మా ఉయ్యూరు చక్కెర మిల్లులో గానుగ ముమ్మరముగా ఆడుచుండును; చెరకు బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరి నిలుచును. అయినను, రైతు తనకు తోచిన దినమున చెరకు నరికి తేజాలడు. నరికిన చెరకు నిలువయున్నకొలది బరువు తగ్గును, పంచదార పాలు తరుగును. అందుచేత అతడు నాటిన తేదీని, రకమును, విస్తీర్ణమును ముందుగనే వ్రాయించి ఇంటికి పోవును. వంతు వచ్చినప్పుడు కటింగ్ ఆర్డరు తానే వచ్చును. చొక్కా జేబులో నాలుగు మడతలుగా దాచుకొన్న ఆ కాగితమును చూచినప్పుడెల్ల, కంప్యూటరు భాషలలో కాల్‌బ్యాక్ అనబడు పద్ధతి నాకు స్ఫురించును. మన ప్రమేయమును, అనగా ఫంక్షనును, మరియొక ప్రోగ్రామునకు అప్పగించి వచ్చెదము. సమయమైనప్పుడు అదియే దానిని పిలుచుకొనును.

ప్రమేయమును కూడ ఒక వస్తువువలె చేతినుండి చేతికి అందింపవచ్చునను భావమునకు గణితమున 1930లలో అలోంజో చర్చి బాట వేసెను. జాన్ మెకార్తీ 1960లో ప్రకటించిన లిస్ప్ భాషావ్యాసమున అది కంప్యూటరు భాషలలో ప్రవేశించెను. 1964లో పీటర్ లాండిన్, ప్రమేయము తాను పుట్టినచోటి విలువలను మూటగట్టుకొని పోవుటకు క్లోజర్ అని పేరుపెట్టెను. ఈ మూట మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ మెకార్తీ శిష్యులలో మన తెలుగువారొకరు కలరు. చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1966లో స్టాన్‌ఫర్డున డాక్టరేటు పొందిన రాజ్ రెడ్డిగారు, 1970లలో కార్నెగీ మెలన్‌నందు తోటివారితో కలిసి, మానవభాషణమును గుర్తించు హియర్‌సే వ్యవస్థలను నిర్మించిరి. వానిలో రెండవదియగు హియర్‌సే-2 సుమారు వేయి మాటలను ఎరుగును. దాని నడుమ ఒక నల్లబల్ల ఉన్నట్లు భావింపుడు. ధ్వనులెరిగినది, అక్షరములెరిగినది, వాక్యమెరిగినది, ఇట్లు పెక్కు జ్ఞానఖండములు దానిచుట్టు కూర్చుండును. ఏది కనబడినప్పుడు తన్ను లేపవలెనో ప్రతి ఖండమును ముందే చెప్పి ఊరకుండును. బల్లపై అట్టిది పడినంతనే వ్యవస్థ దానిని పిలుచును. మన కటింగ్ ఆర్డరుకు ఇంతకంటె దగ్గర బంధువు నాకు కనబడలేదు. 1994 ట్యూరింగ్ పురస్కారమును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి రెడ్డిగారు పొందిరి.

ఇక కంపైలరు ముందుగనే యంత్రభాషలోనికి మార్చివేయు సీ భాషను చూతము. 1970లలో డెనిస్ రిచీ దానిని రూపొందించెను. అందు ప్రమేయమును అప్పగించుటయనగా దాని చిరునామాను మాత్రమే అందించుట. మిల్లువారి చెరకుతోటల జాబితాను పక్వమునుబట్టి వరుస పెట్టవలెనన్నచో, పేర్చుపని భాషతో వచ్చిన క్యూసార్ట్ చేయును. రెండు తోటలలో ఏది ముందన్న తీర్పు మాత్రము మనము పంపిన ప్రమేయము చెప్పును. అయితే ఏ రకము ఎన్ని నెలలకు పండునో తెలుపు పట్టిక దానికి కావలెను గదా? సీ ప్రమేయమునకు మూట లేదు. పట్టికను అందరికిని అందునట్టి బహిరంగస్థలమున ఉంచవలెను. అక్కడ ఎవరు దానిని దిద్దినను అడ్డులేదు.

1979లో బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ ఆరంభించిన కృషి సీ ప్లస్ ప్లస్‌గా పరిణమించి, ఈ కొరతను తీర్చెను. పట్టికను లోపల దాచుకొన్న వస్తువునే ప్రమేయమువలె పిలువవచ్చును. ఇదియే ఫంక్షన్ ఆబ్జెక్టు. అలెగ్జాండర్ స్టెపనోవ్ కూర్చిన సిద్ధప్రోగ్రాముల గ్రంథాలయము 1994లో ఆ భాషాప్రమాణపు ముసాయిదాలో చేరుటతో దానికి గౌరవస్థానము లభించెను. ఇందు వేగము కూడ కలదు: పదివేల తోటలను వరుస పెట్టుటకు లక్షకు పైబడిన పోలికలు కావలెను, చిరునామా మాత్రమే ఇచ్చినచో సాధారణముగా ప్రతి పోలికకును అక్కడికి పోయి రావలెను, వస్తువైనచో దాని రకమునుబట్టియే తీర్పు ఏదో కంపైలరు ఎరిగి, దానిని పేర్చుపనిలోనే కలిపివేయగలదు.

2011 ప్రమాణము లాంబ్డాలు అనబడు పేరులేని ప్రమేయములను తెచ్చి, ఇదంతయు ఒక పంక్తిలో వ్రాయు సౌలభ్యము కల్పించెను. విలువ నకలును మూటలో పెట్టుకొనవచ్చును, లేక అది ఉన్నచోటును మాత్రమే గుర్తు పెట్టుకొనవచ్చును. ఈ రెండవదానియందు మిక్కిలి జాగ్రత్త వలయును. పిలుపు వచ్చునప్పటికి ఆ చోటు ఖాళీ అయి, వేరొకరి వశమై ఉండవచ్చును; కౌలుదారు వదలిపోయిన పొలమునకు కటింగ్ ఆర్డరు అందినట్లే, పిలిచినవారికి అక్కడ ఏమి దొరకునో చెప్పజాలము.