మూడు నిమిషాల మెహనత్

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునే వాళ్ళము. తెలుగు ఇంట్లోనూ బజారులోనూ మాట్లాడతాము గాని, ఇలా మైకు ముందు నిలబడి మాట్లాడే అలవాటు తక్కువ. మాటలో దోషముంటే మన్నించాలి. "ఆరోగ్యం మీద పది నిమిషాలు చెప్పండి మాస్టారూ" అని కార్యదర్శి గారు అడిగినప్పుడు, డాక్టర్లుండగా మేమెందుకండీ అన్నాము. "డాక్టరు చెబితే భయపడతారు, మీరు చెబితే వింటారు" అన్నారు. వింటారో లేదో చూడాలి.

మూడేళ్ళ క్రిందటి మాట. పరీక్షల రోజులు. బస్సు కదిలిపోతున్నది. చేతిలో టిఫిను డబ్బా, చంకలో జవాబు పత్రాల కట్ట. పరుగు తీశాము. యాభై అడుగులు కూడా వేసి ఉండము. కళ్ళు తిరిగి, గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటున్నట్లయి, అక్కడే అరుగు మీద కూలబడ్డాము. మా ఏడో తరగతి పిల్లలిద్దరు చూచి పరుగున నీళ్ళు తెచ్చారు. "సర్ బుడ్ఢే హోగయే" అని ఒకడు రెండోవాడితో గుసగుసగా అననే అన్నాడు.

అప్పటికి మాకు నలభై రెండు. మా భాయీజాన్ నలభై తొమ్మిదో ఏట, కుట్టుమిషను ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే గుండె ఆగి పోయారు. ఆ అరుగు మీద మాకు ఆయనే జ్ఞాపకం వచ్చారు. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. మరునాడు రక్తపరీక్ష చేయిస్తే షుగరు ఉన్నదని తేలింది.

డాక్టరు గారు మాత్రలిచ్చి, రోజూ గంట నడవమన్నారు. నలభై రోజులు నడిచి మానేశాము. బడి, ట్యూషన్లు, అమ్మీ మందులు, సంఘం పనులు, ఫుర్సత్ ఎక్కడిది? ఈ సాకు ఇక్కడ కూర్చున్న సగం మందికి ఉన్నదే. ముఖ్యంగా దుకాణాలు నడిపే సోదరులకు.

అంతలో ఒక పత్రికలో "నాలుగు నిమిషాల వ్యాయామం" అని చదివాము. ఇరవై సెకండ్లు ప్రాణం పెట్టి శ్రమించటం, పది సెకండ్లు ఆగటం, ఇలా ఎనిమిదిసార్లు. లెక్కల మాస్టరు కదా, కూడి చూచాము: 240 సెకండ్లు, సరిగ్గా నాలుగు నిమిషాలే. ఆహా అనుకుని డాబా మీదికెక్కి ఎగిరాము. మూడోసారికే పిక్క పట్టేసింది. వారం రోజులు బామ్ రాసుకుంటూ కుంటుకుంటూ పాఠాలు చెప్పాము. మా బేగం గారు నవ్విన నవ్వు ఇప్పటికీ ఆగలేదు.

తప్పు ఆ పద్ధతిది కాదు, మాది. అసలు సంగతి తర్వాత తెలుసుకున్నాము. 1996లో జపాను శాస్త్రజ్ఞుడు ఇజుమి తబాతా, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన అది. చేసినవారు క్రీడల్లో ఆరితేరిన కుర్రవాళ్ళు. అదీ నేల మీద ఎగరటం కాదు, ప్రయోగశాలలో కదలకుండా నిలిపిన సైకిలు తొక్కటం. ముందు పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించుకుని, ఆపైన ఇక తొక్కలేము అనేదాకా తొక్కారు. ఆరు వారాలలో వాళ్ళ శరీరం ప్రాణవాయువును వాడుకునే శక్తి, రోజూ గంటసేపు నింపాదిగా తొక్కినవారికి పెరిగినంతగానూ పెరిగింది. ఊపిరికి మించిన శ్రమను తట్టుకునే శక్తి కూడా 28 శాతం పెరిగింది. గంటసేపు తొక్కినవారికి అది పెరగనేలేదు. గొప్ప సంగతే. కాని పత్రికలు వ్రాసిన నాలుగు నిమిషాల వెనుక ఆ పది నిమిషాలూ, ఆ వయస్సూ ఉన్నాయి. వాటిని మేము చదవలేదు.

మనబోటి వాళ్ళకు పనికివచ్చే జాగా జపానులోనే ఇంకొకటి ఉన్నది. మత్సుమోటో అనే ఊరు. అక్కడి షిన్షూ విశ్వవిద్యాలయం వారు 246 మందిని తీసుకున్నారు. సగటు వయస్సు 63. కొందరిని మామూలుగానే ఉండమన్నారు. కొందరిని ఒకే వేగంతో రోజుకు 8,000 అడుగులకు తక్కువ కాకుండా నడవమన్నారు. ఇంకొందరిని మూడు నిమిషాలు మెల్లగా, మూడు నిమిషాలు జోరుగా, మళ్ళీ మెల్లగా, మళ్ళీ జోరుగా, ఇలా ఐదు దఫాలు నడవమన్నారు. అంటే అరగంట. వారానికి నాలుగు రోజులైనా, ఐదు నెలలు. 2007లో ఫలితాలు ప్రచురించారు. జోరు నడక వారికి తొడల బలం పెరిగింది, దమ్ము పెరిగింది, రక్తపోటు మిగతావారికన్నా బాగా దిగింది. ఒకే వేగంతో నడిచినవారికి అంత లాభం రాలేదు. పరుగు లేదు, ఎగురుడు లేదు. చెప్పులు మార్చి బూట్లు వేసుకుంటే చాలు.

ఎందుకిలా అంటే, గుండె కూడా కండరమే. మెల్లగా నడిస్తే దానికి తన అలవాటు పనే. జోరు పెంచినప్పుడు ఒక్కొక్క కొట్టుకు ఎక్కువ రక్తం తోయవలసి వస్తుంది, క్రమంగా దానికి అలవాటు పడుతుంది. కాళ్ళ కండరాలు గట్టిగా పనిచేసేటప్పుడు రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ సాయం లేకుండా కూడా లోపలికి లాక్కుంటాయి. షుగరు ఉన్నవారికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇది మనకు కొత్త కూడా కాదు. ఫుట్‌బాల్ ఆటంతా ఇదే కదా. బంతి వస్తే పరుగు, పోతే నడక. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకం తెచ్చిన జట్లకు శిక్షణ ఇచ్చిన హైదరాబాదు రహీం సాబ్ మావంటి బడిపంతులే. ఆ సంగతి చెప్పుకోవటం మాకు కొంచెం గర్వం, మన్నించాలి.

ఇక సోదరీమణులు. "మేము రోడ్డు మీద జోరుగా నడుస్తామా మాస్టారూ?" అంటారు. 2022లో ప్రచురించిన ఒక పరిశోధనలో, బ్రిటన్‌లో వ్యాయామమే చేయని 25,241 మంది చేతికి కదలికలు కొలిచే యంత్రం కట్టి, సుమారు ఏడేళ్ళు గమనించారు. మెట్లు గబగబ ఎక్కటం, బరువు మోసుకుని వేగంగా నడవటం వంటివి ఒకటి రెండు నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు చేసినవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు, అసలే చేయనివారికన్నా 48–49 శాతం తక్కువ. ఒళ్ళు బాగున్నవారే మెట్లు గబగబ ఎక్కుతారేమో అనే అనుమానం ఇందులో కొంత ఉన్నది, దాచము. అయినా డాబా మెట్లకు ఖర్చు లేదు. వ్యాయామం ఒక్కసారికి పది నిమిషాలకు తగ్గరాదని మునుపు చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020లో ఆ షరతు తీసివేసింది.

జోరు ఎంత అని అడుగుతారు. పూర్తి వాక్యం ఒక్క దమ్ములో చెప్పలేనంత. పాట పాడగలిగితే అది జోరు కాదు.

జాగ్రత్తలు. గుండె జబ్బు, బి.పి., షుగరు ఉన్నవారు, ఏళ్ళ తరబడి కదలని వారు ముందు డాక్టరును అడగాలి. మొదటి రెండు మూడు వారాలు మామూలు నడకే. మా పిక్కను జ్ఞాపకం పెట్టుకోండి. ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో చక్కెరో బెల్లం ముక్కో ఉంచుకోవాలి, షుగరు ఒక్కసారి పడిపోవచ్చు. రొమ్ము బిగిసినా, నొప్పి చేతికో దవడకో పాకినా, చల్లని చెమట పట్టినా అక్కడే ఆగి 108కి ఫోను చేయాలి. గ్యాసు నొప్పి అని సోడా తాగి పడుకోరాదు. మా భాయీజాన్ ఆ మధ్యాహ్నం సోడాయే తెప్పించుకున్నారు.

మేము ఏడాదిన్నరగా మత్సుమోటో నడక నడుస్తున్నాము. మూడు నెలల సగటు షుగరు 8.1 నుండి 7కు దిగింది. మాత్రలూ వాడుతున్నాము గనుక ఇందులో నడక వంతు ఎంతో విడదీసి చెప్పలేము. మొన్న బస్సు కదిలిపోతుంటే మాత్రం అందుకున్నాము. సీటు దొరకలేదు, అది వేరే సంగతి.

వచ్చే ఆదివారం తెల్లవారి ఆరు గంటలకు మా బడి మైదానంలో ఉంటాము. హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకున్నాము. సోదరీమణులకు లోపలి ఆవరణలో మా బేగం గారు, ఇద్దరు టీచరమ్మలు ఉంటారు. మూడు నిమిషాలకొకసారి ఊదటానికి విజిలు మా దగ్గర ఉన్నది. నీళ్ళు ఎవరివి వారు తెచ్చుకోవాలి.