మంజిలంటే మేడ కాదు

(మన సంఘం వార్షిక సభలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



పెద్దలు మమ్మల్ని చదువు విలువ మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ మాటలు ఏటా చెబుతూనే ఉన్నాము, మీరు ఏటా వింటూనే ఉన్నారు. ఈసారి గల్ఫు కాగితాల గురించి చెబుతాము. మన గుత్తిలో వాన సంగతి మీకు తెలియనిది కాదు. వేరుశెనగ వేసినవాడు మొదట మబ్బు వైపు చూస్తాడు, కళ్ళు కాయలు కాచినాక కువైటు వైపు చూస్తాడు. కడప, రాయచోటి, కదిరి వైపువారికి అది ఎప్పటినుంచో నలిగిన దారి. అక్కడ ఇంటికొకరు పోయినవారే గనుక ఏ కాగితం ఏమిటో అడిగితే చెప్పేవారుంటారు. మన ఊళ్ళో అలా లేదు. మన ఊళ్ళో కాగితం రాగానే మా దగ్గరకు తెస్తారు. "మాస్టర్ సాబ్, మీకు ఉర్దూ వచ్చుగదా, ఇది చదివి పెట్టండి" అంటారు.

అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. ఉర్దూ వచ్చినవాడికి అరబీ అక్షరాలు వస్తాయి, అరబీ రాదు. అక్షరం మన చుట్టమే, అర్థం పరాయిది. మనం మెహనత్ అంటే కష్టం. వాళ్ళ కాగితం మీద మిహ్నా అని ఉంటే అది చేసే వృత్తి పేరు. ఆ రెండింటిలో 'హ' అక్షరం కూడా ఒకటి కాదు. మనకు ఆమిల్ అంటే తాయెత్తులు కట్టేవాడు, వాళ్ళకు కూలి, పనివాడు. మనకు మంజిల్ అంటే మేడలో అంతస్తు, లేకపోతే చేరవలసిన చోటు. వాళ్ళకు మంజిల్ అంటే ఉత్త ఇల్లు.

2015లో మా పాత శిష్యుడొకడి తండ్రి ఒక కువైటు వీసా కాగితం తెచ్చినాడు. దాని మీద 'ఆమిల్ మంజిలీ' అని ఉంది. మేము కళ్ళద్దాలు సవరించుకొని, పదిమంది ముందర, "మేడలు కట్టే పని, బేల్దారి పని, వెళ్ళనీయండి" అని చెప్పినాము. ఆ తండ్రి మా చేతులు పట్టుకొని కళ్ళకు అద్దుకున్నాడు. ఏజెంటుకు లక్షా ఇరవై వేలు కట్టినాడు. అందులో సగం భార్య బంగారం.

ఆమిల్ మంజిలీ అంటే ఇంటి పనివాడు.

కువైటులో ఇకామాకు నంబర్లున్నాయి. ప్రైవేటు కంపెనీ పనికి 18, ఇంటి పనివారికి 20, వెంట వచ్చిన కుటుంబానికి 22. ఇరవై నంబరు మీద పోయినవాడు ఆ కఫీల్ ఇంట్లోనే పని చేయాలి. మనవాడిని ఆ కఫీల్ ఇంట్లోకే రానీయలేదు. "బయట నీకు నచ్చిన చోట చేసుకో, ఏడాదికింత నాకియ్యి" అన్నాడట. దీనికే మనవాళ్ళు ఆజాద్ వీసా అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆజాద్ వీసా అనేది గల్ఫులో ఏ దేశపు చట్టంలోనూ లేదు. ఉన్నది ఇరవై నంబరు మాత్రమే; దాని మీద దుకాణంలో పని చేస్తే దొరికిన రోజున నేరం. మనవాడు ఒక దుకాణంలో మూటలు మోసినాడు. రెండో ఏడు డబ్బు సరిగా ఇవ్వలేదని కఫీల్ "పారిపోయినాడు" అని రిపోర్టు ఇచ్చినాడు. దాంతో ఇకామా పోయింది. ఒంట్లో బాగులేకున్నా ఆసుపత్రికి పోలేడు, నాన్నమ్మ చనిపోతే రాలేడు. 2018 జనవరి 29 నుంచి ఏప్రిల్ 22 వరకు కువైటు ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చినప్పుడు, ఎంబసీ కాగితం మీద వట్టి చేతులతో వచ్చినాడు.

ఇందులో ఇంకో ముడి ఉంది. వాడు పదో తరగతి ప్యాసు. పది తప్పినవారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ముద్ర ఉంటుంది. 1983 వలసల చట్టం ప్రకారం అలాంటివారు గల్ఫులో పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసులో కాగితాలు చూపి అనుమతి తెచ్చుకోవాలి. పది ప్యాసైతే ఆ ముద్ర ఉండదు, ఆ ఆఫీసు గడప తొక్కనక్కర లేదు. వాడు ప్యాసైనందుకు మేము ఎంత మురిసిపోయినామో! తీరా చూస్తే, ఆ ప్యాసు వల్లనే వాడి కాగితాన్ని ఏ అధికారీ చూడలేదు. చూసింది మేమొక్కరమే. అందుకని పది చదవొద్దనడం లేదు. పది ప్యాసైనవాడు ఆ ఆఫీసు చేయవలసిన పని తానే చేసుకోవాలంటున్నాము. ఏజెంటుకు లైసెన్సు నంబరు ఉందా అని ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు, పది నిమిషాల పని. ప్రవాసీ భారతీయ బీమా అని ఒకటుంది, పది లక్షలకు. ముద్ర ఉన్నవారికి అది తప్పనిసరి, లేనివారు కూడా అడిగి కట్టుకోవాలి.

సౌదీలో నంబర్లు లేకున్నా కథ అదే. 2021 మార్చి 14 నుంచి అక్కడ కంపెనీ పనివాడు ఏడాది నిండితే కఫీల్ ఒప్పుకోకున్నా వేరే చోటికి మారవచ్చునని చేసినారు. అయితే ఇంటి పనివారిని, సొంత కారు డ్రైవర్లను, గొర్రెల కాపరులను, తోటమాలులను ఆ సదుపాయం నుంచి తప్పించినారు. కాబట్టి మిహ్నా దగ్గర సాయిఖ్ ఖాస్ అని ఉంటే అది కంపెనీ డ్రైవరు కాదు, ఒక ఇంటి డ్రైవరు. రాయీ గనమ్ అని ఉంటే గొర్రెల కాపరి. ఏజెంటు నోటితో ఏం చెప్పినా సరే, అక్కడ నడిచేది ఆ రెండు మాటలే.

దుబాయి గోల్డెన్ వీసా గురించి మా శిష్యులు అడుగుతుంటారు. పదేళ్ళది. అక్కడ 20 లక్షల దిర్హముల ఇల్లున్నవారికి ఇస్తారు. ఈ సభలో అలాంటివారుంటే ముందు మన సంఘం చందా బాకీ తీర్చవలసిందని మనవి. మిగతావారు విజిట్ వీసా మీద పోయి పని వెతుక్కుందామనుకోవద్దు. దాని మీద పని చేయడం నేరం. ఇంకొకటి, 2022 నవంబరు నుంచి పాస్‌పోర్టులో ఒంటి పేరున్నవారిని విజిట్ వీసా మీద ఆ దేశంలోకి రానీయడం లేదు. మన పిల్లల రిజిస్టర్లలో ఒకచోట షేక్ ఉంటుంది, ఒకచోట 'ఎస్' మాత్రమే, ఒకచోట వట్టి మహబూబ్ బాషా. ఆ తప్పులో మా బడిపంతుళ్ళ వాటా కూడా ఉంది. బడిలో చేర్చేనాడే తండ్రులు వచ్చి పూర్తి పేరు రాయించండి.

ఇక తల్లులకొక మాట. ఖద్దామా పనికి ఆడవారిని పంపాలనే ఇళ్ళు మనలోనూ ఉన్నాయి, కరువు అలాంటిది. ముద్ర ఉన్న పాస్‌పోర్టు గల ఆడమనిషికి ముప్పై ఏండ్లు నిండనిదే మన ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని పెట్టినారు. మన రాష్ట్రంలో ఓంక్యాప్ అలాంటిదే. వయసు పెంచి రాయించి పంపేవాడు మీ మేలు కోరేవాడు కాదు. కువైటులో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటి పనివారికి రోజుకు 12 గంటలకు మించి పని ఉండరాదని, వారానికొక సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోరాదని చెబుతుంది. చట్టం ఉన్నది గదా అని గుండె మీద చెయ్యి వేసుకొని నిద్రపోయేది కాదు. కాని అడగడానికి ఒక మాటైనా ఉండాలి గదా.

మా శిష్యుడు తిరిగి వచ్చినాక ఆ తండ్రి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. బజారులో ఎదురైతే ఎప్పటిలాగే ఆదాబ్ చెప్పేవాడు. ఆ ఆదాబే మాకు భారమైంది. ఒకనాడు మేమే వారింటికి పోయి, తప్పు మాదేనని చెప్పినాము. కుర్రవాడు నవ్వి, "సార్, మీరు పదం తప్పు చదివినారు, ఏజెంటు సరిగ్గానే చదువుకున్నాడు" అన్నాడు.

వాడికిప్పుడు కువైటు అరబీ మా కంటే బాగా వచ్చు. ఈ సభ అయినాక ఏదో కాగితం చూపాలని వెనుక ఇద్దరు నిలబడి ఉన్నారు, మాకు కనబడుతున్నారు. వాడు మూడో వరుసలో కూర్చున్నాడు. కాగితం ముందు వాడికివ్వండి, తర్వాత మేము చూస్తాము.