పరవూరి చదువులు – మన పొరుగు ధర్మము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగా కుదిరినవారము. విశ్వవిద్యాలయముల సంగతి మాకేల యని మీరడుగవచ్చును. తరగతి గదిలో జరుగునది మాకు తెలియదు. కాని ఆ చదువుకొను పిల్లలు రైలు దిగునది మా స్టేషనులో, అద్దెకుండునది మన మడివాళలో, అన్నము తినునది మన ఆంధ్రా మెస్సులలో. ఆ మేరకు మాటలాడుటకు మాకును హక్కు గలదనుకొనుచున్నాము.

మడివాళ నానాభాషలవారు మసలిన ఊరు. సోమేశ్వరాలయపు గోడలపై తమిళ శాసనములు నేటికిని ఉన్నవి. దాపుననే క్రైస్టు విశ్వవిద్యాలయమును, సెయింటు జాన్సు వైద్య కళాశాలయు గలవు. తావరెకెరె, బి.టి.ఎం. లేఅవుటు సందులలో పి.జి. హాస్టళ్ళు నడుపువారిలో తెలుగువారు చాలమంది. వారిలో కొందరు ఈ సభలోనే ఉన్నారు. మా మాటలు ముఖ్యముగా వారికే.

2012 జూలైలో అస్సాములోని కోక్రాఝార్ ప్రాంతమున అల్లర్లు జరిగినవి. ఆగస్టులో, ఈశాన్య రాష్ట్రములవారిని ఇచ్చట కూడ కొట్టెదరని ఫోనులలో పుకార్లు పుట్టినవి. ఆగస్టు 15 సాయంకాలమునుండి బెంగుళూరు సిటీ స్టేషనునకు వేలమంది వచ్చిపడిరి. విద్యార్థులు, హోటలు పనివారు, కాపలావారు, ఎవరి చేతిసంచి వారిదే. గౌహతికి ప్రత్యేక రైళ్ళు వేయవలసి వచ్చినది. ప్రభుత్వము వారు స్టేషనునకు వచ్చి భయము లేదని చెప్పినను జనము ఆగలేదు. మూకుమ్మడి ఎస్.ఎమ్.ఎస్.లను దేశమంతట పదిహేను రోజులు నిషేధించినారు.

పుకారు ఎవరు పుట్టించినను, దానిని వారు ఎందుకు నమ్మిరని మనము ఆలోచించవలెను. ఆపద వచ్చిన పక్కింటివారు తలుపు తీసెదరన్న ధైర్యము గలవాడు మూడువేల కిలోమీటర్లు పారిపోడు. నిన్నటివరకు వీధిలో ముక్కు మొగము చూచి వెక్కిరించినవారు, నేడు తమను కాపాడెదరని వారెట్లు నమ్మగలరు?

2014 జనవరిలో అరుణాచలమునకు చెందిన నిడో తానియా అను విద్యార్థిని ఢిల్లీలో జుట్టు చూచి హేళన చేసినారు. ఆ తగవులో తిన్న దెబ్బలకు అతడు మరణించినాడు. 2016 జనవరి 31న మన బెంగుళూరులోనే, సూడాను దేశపు విద్యార్థి కారు క్రింద ఒక స్త్రీ మరణించగా, ఆ ప్రమాదముతో ఏ సంబంధము లేని టాంజానియా విద్యార్థినిపై గుంపు పడినది. రంగు ఒకటియైనచో నేరమును ఒకటేనా?

ఇవి పరాయివారి కథలని మన తెలుగువారము తప్పించుకొనుటకు వీలు లేదు. 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయములో గుంటూరు బిడ్డ రోహిత్ వేముల ప్రాణము తీసుకొన్నాడు. అంతకు ముందు అతనిని, మరి నలుగురిని హాస్టలు నుండి వెలివేయగా, వారు ఆవరణలోనే ఆరుబయట గుడారము వేసికొని, దానికి వెలివాడ అని పేరు పెట్టుకొన్నారు. అచ్చ తెలుగు మాట అది. అర్థము ఎవరును చెప్పనక్కరలేదు.

ఇక మన పిల్లలు సముద్రము దాటినప్పటి మాట. 2023 జనవరి 23న సియాటిల్ నగరములో పోలీసు కారు ఢీకొని ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి మరణించినది. ఆమె ప్రాణపు విలువ కొద్దిదేనని ఒక పోలీసు అధికారి నవ్వుచు మాటలాడినది రికార్డయి బయటపడగా తెలుగులోకము మండిపడినది. మండిపడుట న్యాయమే. అక్కడ మన బిడ్డకు ఏ మర్యాద కోరితిమో, ఇక్కడ పరుల బిడ్డకు ఆ మర్యాదయే ఇవ్వవలెను గదా!

కొందరు పెద్దలు, ఈ విద్యార్థులు వేరుగా సంఘములు పెట్టుకొనుట ఎందుకు, అందరితో కలిసి యుండరాదా అందురు. మనము ఈ కన్నడ దేశమున తెలుగు సంఘము ఎందుకు పెట్టుకొంటిమి? కన్నడ సోదరులపై కోపముచేతనా? కాదు. జ్వరము వచ్చిన నాడు పలుకరించు దిక్కు కొరకు, మన మాట నలుగురిలో అనుకొనుటకు. హైదరాబాదులో అంబేడ్కరు విద్యార్థి సంఘము 1993లో ఏర్పడినదియు అట్టి అవసరముననే. మనకు ఒప్పు అయినది వారికి తప్పు ఎట్లగును?

అయితే సంఘము తోడు మాత్రమే. న్యాయము చేయుట విద్యాలయముల పని. ప్రతి విద్యాలయమున సమానావకాశముల విభాగము, వివక్షపై ఫిర్యాదులు వినుటకు ఒక అధికారి ఉండవలెనని యు.జి.సి. 2012లోనే నియమములు చేసినది. అవి సరిగా అమలగుట లేదని రోహిత్ తల్లి రాధిక, ముంబాయిలో మరణించిన డాక్టరు పాయల్ తడవీ తల్లి ఆబేదా 2019లో సుప్రీంకోర్టుకు వెళ్ళినారు. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు నియమములను గుర్తుచేయవలసి వచ్చినది!

విద్యాలయములను మనము నడుపము. మన ఇండ్లు మన చేతిలో ఉన్నవి. కనుక నాలుగు పనులు మనవి చేయుచున్నాము.

మొదటిది: గదికై వచ్చిన పిల్లవానిని "మీరేమిట్లు?" అని అడుగవద్దు. రిజర్వేషను ఫారములో పేరు, వయస్సు, పోవు ఊరు వ్రాయించుకొందుము; కులము అడుగము. అయినను రైలు నడుచుచున్నది గదా! రెండవది: మొగము చూచి అడ్వాన్సు పెంచవద్దు, గది లేదనవద్దు. మూడవది: వంట వాసనకు ముక్కు మూసికొనవద్దు. వారి పులిసిన వెదురు మొలకల కూర మనకెట్లో, మన ఎండుచేపల పులుసు ఇతరులకట్లే. నాలుగవది: పిల్లలకు జబ్బు చేసినను, పోలీసు స్టేషనునకు పోవలసి వచ్చినను, భాష తెలిసిన పెద్ద ఒకరు వెంట నడువవలెను. ఇందుకై కార్యవర్గము ఐదుగురి పేర్లు, ఫోను నంబర్లు ప్రతి హాస్టలు గోడమీద అంటించవలెనని ప్రతిపాదించుచున్నాము. మొదటి పేరు మాదే వ్రాసికొనవచ్చును. రాత్రి డ్యూటీ లేని దినములలో ఎన్ని గంటలకైనను వచ్చెదము.

మరియొక మాట. మణిపురులో మెయితెయి ప్రజల సంవత్సరాది చెయిరావోబా తరచుగా మన ఉగాది నాడే వచ్చును. ఆనాడు ఇంటిల్లిపాది భోజనము చేసి కొండ ఎక్కుట వారి ఆచారము. మన మేడమీది గదిలోని మణిపురు పిల్లకు ఇక్కడ ఇల్లును లేదు, కొండయు లేదు. పచ్చడి గిన్నె ఒకటి పైకి పంపుడు. వేపపువ్వు చేదని ఆ పిల్ల మొగము చిట్లించిన, బెల్లము ముక్క ఇచ్చి పేరడుగుడు. పేరు చాలును.