దాచుకున్న మాట
(పెన్షనర్ల దినోత్సవ సభలో ప్రసంగం)



ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే చోట "మీ పెద్దబ్బాయి ఎక్కడ?" అని మీరడిగితే "బెంగుళూరు" అనేవాణ్ణి. అది అబద్ధం. వాడు ఇంట్లోనే ఉన్నాడు. నలభై రెండేళ్లవాడు, తాగుడుకు బానిస. గ్రాట్యుటీ వాడి అప్పులకే పోయింది. వాడి సెలవు చీటీలు నేనే రాశాను. మా ఆవిడకు నిద్ర కరువైంది.

చివరకు 14416కు ఫోన్ చేశాను. 2022లో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ అది. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. "ముందు మీరెలా ఉన్నారండీ?" అన్నారు. గొంతు పెగల్లేదు.

తాగేవారి కుటుంబాల కోసం 1951లో అమెరికాలో పుట్టిన అల్-అనాన్ సమావేశాలకు ఇప్పుడు ఇద్దరం వెళ్తున్నాం. వాడింకా మానలేదు. అప్పులు తీర్చడం మాత్రం మానేశాను. ఆవిడ కాస్త నిద్రపోతోంది.

మీలోనూ ఇలాంటివారుంటే భోజనాల దగ్గర నా పక్కన కూర్చోండి. సెలవు.