నడిగడ్డ నుండి నల్లమల వఱకు: చిక్కుడు కుటుంబపు అడవిపూలు

కృష్ణా తుంగభద్రల ఆవలిగట్టున పూచిన పూవునకు పుస్తకములో చోటు దొరకినది. ఈవలిగట్టున పూచిన పూవునకు దొరకలేదు. కారణము పూవులో లేదు, పొలిమేరలో ఉన్నది. ఆవలి కర్నూలు మదరాసు రాష్ట్రమునకు చెందియుండెను. ఈవలి గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలు నిజాము రాజ్యములో నుండెను. గాంబుల్ దొరయు, ఆయన పిమ్మట ఫిషరును 1915 మొదలు 1936 వఱకు భాగములు భాగములుగా వెలువరించిన మదరాసు వృక్షసంపద గ్రంథము నదియొద్దనే ఆగిపోయినది. నిజాము రాజ్యపు అడవులనుగూర్చి 1911లో పార్ట్రిడ్జి ఒక పుస్తకము వ్రాసెను గాని, అది అటవీవృక్షములకు సంబంధించినది. చెలకగట్టుమీది చిన్నమొక్కల కథ వేఱు. తెలంగాణమంతకును ఒక వృక్షసంపద గ్రంథము కావలెనన్న 2015లో పుల్లయ్యగారిది వెలువడువఱకు వేచియుండవలసి వచ్చినది. అంతదనుక ఈ మొక్కల పేళ్లను కాపాడినవారు పసులకాపరులు, చెంచులు, బతుకమ్మకు పూలు కోయు ఆడువారు.

2016లో ఈ మూడు పట్టణములును మూడు జిల్లాలకు ముఖ్యస్థానములైనవి. పడమట రెండు నదుల నడుమ నడిగడ్డ, తూర్పున అమ్రాబాదు పీఠభూమి, మన్ననూరు, ఫరాహాబాదు అడవులు, నడుమ ఎఱ్ఱచెలకలు. ఈ సీమలో ఎచ్చట నిలిచి చూచినను చిక్కుడు కుటుంబపు మొక్క యొకటి కనబడకపోదు. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వమువారు తమ రాష్ట్రపుష్పముగా తంగేడును, రాష్ట్రవృక్షముగా జమ్మిని ప్రకటించిరి. రెండును ఈ కుటుంబములోనివే యని చాలమందికి తోచదు. తోచకపోవుట వింతయు కాదు. ఆ పూలు రెండును ఒకదానినొకటి పోలియుండవు.

పూలు పోలకున్నను కాయలు పోలును. ఒకే గదిగల అండాశయము, దానిలో ఒక అంచున వరుసగా గింజలు, ఎండినప్పుడు సాధారణముగా రెండు బద్దలుగా చీలు కాయ: ఇదియే కుటుంబపు గుఱుతు. కంది, పెసర, అనుములు మనకు నేర్పిన గుఱుతే. లోకమున పందొమ్మిదివేలకు మించిన జాతులుగల యీ కుటుంబము పూలమొక్కలలో మూడవ పెద్దది. దీనికి మూడు ఉపకుటుంబములని బడిలో వల్లించినవారు, 2017 నుండి శాస్త్రజ్ఞులు ఆఱుగా విభజించుచున్నారని గ్రహింతురు గాక.

మొదట మోదుగును చూతము. మాఘము వెడలి ఫాల్గుణము వచ్చుసరికి ఆకు రాలును; మోడుకొమ్మలనిండ నిప్పుకణికలవలె పూలు విచ్చును. పూవును చేతికి తీసికొనుడు. అడుగున ముదురు గోధుమవన్నె రక్షకపాత్ర, ముట్టినచో ముఖమలువలె నుండును. ఐదు ఆకర్షణపత్రములలో పెద్దది వెనుకకు వంగినది, దీనిని ధ్వజమందురు. ఇరువైపుల రెండు బాహువులు. క్రింది రెండును కలిసి చిలుకముక్కువలె వంకరదేరిన ద్రోణి. ఇది చిలుకయా యని సందేహించినట్లు సంస్కృతమున దీనికి కింశుకమని పేరు పెట్టిన వాడెవడో పూవును చక్కగా చూచినవాడే. ద్రోణిని విప్పినచో పది కేసరములు, తొమ్మిది యొక కట్టగాను, ఒకటి విడిగాను ఉండును. పూవున తేనె మెండు, పరిమళము లేదు. ఇది పక్షులను పిలుచు పూవు. తేనెపిట్టయు, గోరువంకయు ముక్కు దూర్చి త్రాగుచు పుప్పొడిని మోసికొనిపోవును. కాయ మఱియొక వింత: పొడవైన పలుచని కాయకు కొనయందొక్కటే గింజ, తక్కిన భాగమంతయు గాలికి రెక్క. మూడేసి యాకులతో విస్తళ్లు కుట్టుట యెల్లరెఱుగుదురు. నల్లమలలో తీగమోదుగు సైతము కలదు. పూవు అదే తీరు, నడక మాత్రము చెట్లకు చుట్టుకొను పెద్దతీగది.

తంగేడు పూవున ధ్వజము లేదు, ద్రోణి లేదు. ఐదు పసుపురేకులు ఇంచుమించు సమముగా పఱచుకొనును. ఆకుకాడ మొదట చెవివలె గుండ్రని చిన్నయాకులు జంటగా నుండును. శాస్త్రనామమున చెవిని చెప్పు మాట వచ్చినది వీనివలననే. కేసరములు పదియైనను పైమూడు గొడ్డువి. ఇందు తేనె లేదు, పుప్పొడియే కానుక. ఆ పుప్పొడియు, పుప్పొడితిత్తుల కొననున్న చిన్న రంధ్రములగుండనే గాని వెలికి రాదు. నల్లని పెద్ద తుమ్మెద పూవును పట్టుకొని ఝుమ్మని కంపింపజేయును. ఆ యదురునకు పుప్పొడి జల్లున రాలును. తంగేటిపొద ప్రక్క ప్రొద్దుటిపూట నిలిచినచో ఆ మ్రోత యెగురునప్పటి మ్రోతకన్న హెచ్చుస్థాయిలో వినవచ్చును. రేలపూవుది గూడ ఇదే పద్ధతి. అది యెండకాలమున బంగారుగుత్తులై వ్రేలాడును. కాయ మూరెడు పొడవైన నల్లని కఱ్ఱ, లోన అరలు అరలుగా నల్లని గుజ్జు.

తంగేడును ఎవరును నాటరు, గట్లమీద తానై మొలచును. పూర్వము తోలు ఊనువారు దీని పట్టను ఒలుచుచుండిరి. ఐనను పొద మరల చిగిర్చెడిది. ఇప్పటి ముప్పు వేఱు. జూరాల కాలువలును, కల్వకుర్తి ఎత్తిపోతలును వచ్చిన పిమ్మట చెలకలు వరిమడులగుచున్నవి. నీరు వచ్చుట తప్పని యెవరందురు? కాని మడికి గట్టు సన్నము; పొద పెఱుకబడును. బతుకమ్మనాటికి పూలకై మునుపటికన్న దూరము నడువవలసివచ్చు గ్రామములలో, ప్రతి రైతును ఒక్క గట్టునైన విడిచిన చాలును.

ఇక కంచెలలోనికి పోదము. శంఖుపుష్పము తలక్రిందులైన పూవు. నీలిధ్వజము క్రిందను, ద్రోణి పైనను ఉండుటచే, ధ్వజముపై వ్రాలిన తేనెటీగ వీపునకు పుప్పొడి అంటును. దాని ప్రక్కనే గురివింద తీగ. పూవు చిన్నది, లేత ఊదారంగు. కేసరములు తొమ్మిదే, పదవది లోపించినది. కంసాలి త్రాసున తూకమైన గింజ మిక్కిలి యందమైనది, మిక్కిలి విషమైనది. పైపెంకు గట్టిది గావున ముట్టిన దోషము లేదు. నమిలి మ్రింగినచో ప్రాణాపాయము. పిల్లలుగల యిండ్లలో ఈ మాట మఱవరాదు.

వెంపలిని ఎవరును పూమొక్కగా నెంచరు. వెంపలిచెట్లకు నిచ్చెనలు వేయుకాలము వచ్చునని నవ్వులకు చెప్పుకొనునంత పొట్టి మొక్క. చిన్నియాకును కొనపట్టి లాగినచో బాణపు మొనవలె కోసుగా తెగును; ఇంతకన్న సులువైన గుఱుతు లేదు. ఊదాపూలు మోదుగుపూవునకు బుల్లి చెల్లెండ్రు. వేరు పెఱికి చూచినచో చిన్నచిన్న బుడిపెలు. వీనిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెట్టునని 1888లో జర్మనీదేశీయులైన హెల్రీగెల్, విల్ఫార్తులు నిరూపించిరి. గిలిగిచ్చకును ఈ బుడిపెలు కలవు. దాని యెండుకాయలో గింజలు గలగలలాడును. కాని పశువులకది మంచి మేత కాదు. తంగేటివేళ్లకు, రేలవేళ్లకు మాత్రము ఈ బుడిపెలు లేవు! కుటుంబమొకటే యైనను విద్య అందఱికి అబ్బలేదు. కావున బీడున నేలకు సత్తువ కూర్చు పని వెంపలిదే. పచ్చిరొట్టగా దున్నివేసినచో ఫలమింకను హెచ్చు.

తుదకు జమ్మి. పూలు మిక్కిలి చిన్నవి, లేతపసుపు కంకులు. దసరానాడు ఆకు పంచుకొందుము గాని పూవు చూచినవారు అరుదు. దీనికి చిక్కు తెచ్చినది సర్కారుతుమ్మ. అమెరికాఖండపు ఈ మొక్కను 1870 దశకమున మదరాసు అటవీశాఖవారు వంటచెఱకునకై కడపప్రాంతమునకు తెప్పించిరి. నేడది చెఱువుగట్లను, వాగులను ఆక్రమించినది. ఒకప్పుడు రెంటిని ఒకే గణమున నుంచిరి, 2022లో వేఱుచేసిరి. కంకులు మాత్రము నేటికిని పోలికగానే యుండును. అందుచే సర్కారుతుమ్మను కొట్టింపబూనినవారు గొడ్డలి యెత్తకముందు ముల్లును చూపవలెను: సర్కారుతుమ్మకు ఆకు మొలచు కణుపువద్ద జంటముండ్లు, జమ్మికి కణుపుల నడుమ, చెదరుగా, పొట్టిముండ్లు.